పన్నెండో మనిషి కాలు

నేను ఒక ఇత్తడి పళ్ళేన్ని. అన్నం తినే పళ్ళెం అనుకునేరు, చంటిబిడ్డను కూర్చోబెట్టి నీళ్ళు పోసేంత లోతున్నదాన్ని. పల్నాడులో ఒక కతోలిక గుడికి నన్ను సమర్పించిన జోజిరెడ్డి గారు నా అంచు మీద తన పేరు ఎంత పెద్దగా చెక్కించారంటే, దేవుడికి చత్వారం వచ్చినా ఇబ్బంది లేకుండా చదువుకోవచ్చు. ఏడాదంతా బీరువాలో పడుంటాను. పవిత్ర గురువారం సాయంత్రం ఒక్కపూటే నాకు పని. ఏసుప్రభువు శిష్యుల కాళ్ళు కడిగినట్టు, ఆ పూట గురువు, అంటే గుడి ఫాదరుగారు, పన్నెండు మంది మగవాళ్ళ ముందు మోకరించి, నాలో వాళ్ళ పాదాలు కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకుంటాడు.

పేరుకే కడగడం. ఆ పన్నెండు మందీ ఊరి పెద్దలు. ఇంటి దగ్గరే వాసన సబ్బుతో రుద్దుకుని, గోళ్ళు తీసుకుని, కొందరైతే మడమలకు పౌడరు కూడా అద్దుకుని వస్తారు. మురికి కాళ్ళతో గురువు ముందు కూర్చోవడం మర్యాద కాదట! నాలో పడ్డ నీళ్ళు పడ్డట్టే తేటగా బయటికి పోయేవి.

నన్ను తోమేది ఆరోగ్యమ్మ. ఆమె మొగుడు చిన్నప్ప సమాధుల తోటలో గోతులు తవ్వుతాడు. ఊరికి ఎడంగా ఉండే పల్లెవాళ్ళు కాబట్టి గుడిలో వాళ్ళ చోటు వెనక గోడ దగ్గర. వాళ్ళ కథంతా చింతపండు పులుసుతో పాటే నా ఒంటికి పట్టింది. లేకలేక పుట్టిన ఆడపిల్ల ఊపిరందక నీలబడిపోతుంటే, బాప్తిస్మం, అదే జ్ఞానస్నానం ఇప్పించాలని, పక్క ఊరికి పూజకెళ్ళిన గురువు కోసం చిన్నప్ప పరుగెత్తాడు. మంత్రసాని కాచిన నీళ్ళు కాగులో అలాగే ఉన్నాయి. అతను తిరిగొచ్చేసరికి బిడ్డ లేదు. జ్ఞానస్నానం పడని బిడ్డకు తోటలో చోటు లేదన్నారు పెద్దలు. ఊరందరికీ తవ్వే గడ్డపారతోనే చిన్నప్ప ప్రహరీ గోడ బయట తవ్వి, తన బిడ్డను తనే పాతిపెట్టాడు.

పాప దేవుడి దగ్గరికి చేరిందా, గోడ బయటే ఉండిపోయిందా? ఇదొక్కటే అతనికి తెలియాలి. దీనికోసం అతను నడిచి వెళ్ళని తిరునాళ్ళు లేవు, పట్టని ఉపవాసం లేదు. గురువు చెవిలో తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో అడిగితే, పాపాలు చెప్పి లేవమన్నారు.

ఆ యేడు పవిత్ర గురువారం పొద్దున నన్ను తోముతూ ఆరోగ్యమ్మ మొగుడితో అంది, "ఈసారన్నా నిన్ను కూసోబెడతారంటావా?"

"కూసోబెడితే అడుగుతానే. ఆ పూట ఆయన ఫాదరుగారు కాదు, ప్రభువే. మిగతా రోజుల్లో ఆయన పీఠం మీద, మనం కింద. ఆ ఒక్కపూటే మన కాళ్ళకాడికి దిగేది. మొగం మొగం ఎదురుగా ఉంటది. అప్పుడడిగితే చెప్పకుండా ఎట్టా పోతాడు?"

పిచ్చి మనిషి! నేను అక్కడ ఎన్ని మొహాలు చూశానో అతనికేం తెలుసు?

ఆ సాయంత్రం జోజిరెడ్డి గారి తమ్ముడు మోటారు సైకిలు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పూజ మొదలైపోయింది, ఉన్నది పదకొండు మందే. గురువుకు సాయంగా ఉండే ఉపదేశి రాయప్ప గాభరాగా వెనక్కి పోయి, చేతికందిన మనిషిని లాక్కొచ్చి పన్నెండో కుర్చీలో కూలేశాడు. అందినవాడు చిన్నప్ప. అప్పటిదాకా గొయ్యి తవ్వి నేరుగా గుడికొచ్చాడు. మడమల పగుళ్ళ నిండా నల్లరేగడి మట్టి. ముందు వరసలో జోజిరెడ్డి గారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నారు.

ఫాదర్ జ్ఞానప్రకాశం వరసగా కడుగుతూ వచ్చి అతని ముందు మోకరించారు. నీళ్ళు పోశారు. నీళ్ళు నల్లబడ్డాయి. పుట్టి బుద్ధెరిగాక నేను నిజంగా పనికొచ్చింది ఆ రోజే, పొంగిపోయాననుకోండి! చిన్నప్ప కాలు ఇంకా నాలోనే ఉంది. అతను ముందుకు వంగి గురువు చెవి దగ్గర అడిగాడు.

"ప్రభువా, మా పాప... జ్ఞానస్నానం పడకుండా పోయిన పాప... నీకాడికి వచ్చిందా?"

గురువు తలెత్తలేదు. పాటలవాళ్ళు గొంతెత్తి పాడుతున్నారు. ఆయన మాట విన్నది చిన్నప్పా నేనూ, మేమిద్దరమే.

"ప్రాణం మీదికొస్తే ఎవరైనా ఇవ్వొచ్చయ్యా జ్ఞానస్నానం. నువ్వే చెంబెడు నీళ్ళు తల మీద పోసి, పిత పుత్ర పవిత్రాత్మ నామమున అంటే సరిపోయేది. ఇంట్లో నీళ్ళు పెట్టుకుని ఊళ్ళు పట్టుకు పరిగెత్తమన్నదెవరు? ఇప్పుడడిగితే నేనేం చెప్పను? కాలు తియ్యి, ఆలస్యమవుతోంది."

తువాలు తగిలీ తగలనట్టు తగిలింది. ముద్దుకు వంగిన పెదవులు జానెడు దూరంలోనే ఆగి లేచిపోయాయి. చిన్నప్ప మాత్రం కాలు తీయలేదు. రాయప్ప వచ్చి పట్టుకుని తీయాల్సి వచ్చింది.

పూజయ్యాక నన్ను కడగడానికి వచ్చిన ఆరోగ్యమ్మ కళ్ళల్లో ప్రాణాలు పెట్టుకుని మొగుణ్ణి అడిగింది. "అడిగావా? ఏమన్నాడు?"

చిన్నప్ప నాలోని నల్లటి నీళ్ళ వంక చూశాడు.

"మన పాప ఆయన ఒళ్ళోనే ఉందంట."

"నాకు తెలుసు! నాకు తెలుసయ్యా!" అని ఆమె అక్కడే కూలబడి, నన్ను కావిలించుకుని ఏడ్చింది. ఆ కన్నీళ్ళు కూడా నాలోనే పడ్డాయి.

పాస్కు పండుగ, అదే ఈస్టరు, దాటగానే జోజిరెడ్డి గారు స్టీలు పళ్ళెం కొనిచ్చారు. దాని మీద పేరు ఇంకా పెద్దది. ఆ కాళ్ళు పడ్డ పళ్ళెం ఇక గుడిలో ఎందుకని నన్ను చిన్నప్పకే ఇచ్చేశారు. దాన్ని దయ అన్నారు.

ఇప్పుడు వాళ్ళ వాకిట్లో ఉంటున్నాను. జోజిరెడ్డి గారి పేరును కోళ్ళు పొడుస్తుంటాయి. ఆరోగ్యమ్మ రోజూ చెంబుతో వాటికి నీళ్ళు పోస్తూ, లేని పాపతో ఏవో కబుర్లు చెప్పి నవ్వుకుంటుంది. నాలో నీళ్ళు పడుతున్న చప్పుడుకు చిన్నప్ప లేచి వీధిలోకి వెళ్ళిపోతాడు. గుడి మానలేదు. వెనక గోడ దగ్గర మోకరిస్తాడట, దేవుణ్ణి మాత్రం ఇంకేమీ అడగడట.

ఒక్కోసారి ఆమె ముద్దుగా అంటుంది, "ఏమన్నాడో ఇంకొక్కసారి చెప్పవా?"

చెబుతాడు. చెప్పే ముందు ప్రతిసారీ దొంగలా నా వంక చూస్తాడు.

భయపడకు చిన్నప్పా. ఆమెకు వినపడే నోరు నాకు లేదు.