పద్నాలుగో సంచిక

ఇస్త్రీపెట్టె ఇంకా కాలరు మీదే ఉంది. మా ఆయన ఎవరీస్తో టీలాంటి మాతే కషాయం కప్పు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమే ముసలీ, ఆ పద్నాలుగు సంగతి చూశావా?" అన్నాడు.

చొక్కా అతనిది, గురువారం సభకి. మా విశ్వవిద్యాలయ గ్రంథాలయం ఆ రోజు అతని పత్రికని లోకానికి తెరుస్తోంది. అతను స్థాపించి, ముప్పై ఏళ్ళు సంపాదకుడిగా ఉండి నడిపిన చక్కెర మిల్లుల చరిత్ర పత్రిక. మొదటి సంచిక నుంచి చివరిదాకా ప్రతి పేజీ ఇక కంప్యూటర్లో ఎవరైనా చదువుకోవచ్చు. ఎక్కించింది నేను. పత్రికల విభాగం నాది, ఈ స్కానింగు పనంతటికీ బాధ్యురాలిని నేను, నెలాఖరుకి రిటైరయ్యేదీ నేనే. సభలో జ్ఞాపిక మాత్రం అతనికి. నాకు మా డైరెక్టరుగారు అప్పజెప్పింది ఎంపనాదాలు, మాంసం కూరిన కజ్జికాయలు, చేసి తెచ్చే పని. "నీ చేతి ఎంపనాదాలు లేకుండా సభేమిటి, సుల్మా!" అన్నారు, అదేదో బిరుదు ఇచ్చినట్టు.

"చూడ్డానికేముంది? పద్నాలుగు లేదు," అన్నాను.

"లేదనే కదా నేనూ చెప్పేది. పదమూడు పక్కన చిన్న గీత గీసి పద్నాలుగు అని కూడా వేసెయ్. జంట సంచిక అనుకుంటారు. నలుగురూ వచ్చే రోజున పన్నూడిన నోరులా ఆ ఖాళీ ఎందుకు చెప్పు? నీకు రెండు నిమిషాల పని."

రెండు నిమిషాల పని! ఈ మాట వింటే నాకు ఒళ్ళూ మండుతుంది, నవ్వూ వస్తుంది. పెళ్ళయిన కొత్తలో కూడా ఇలాగే, "ఈ వ్యాసం కాస్త టైపు కొట్టెయ్, రెండు నిమిషాలు," అనేవాడు. పగలు గ్రంథాలయంలో జీతానికి పత్రికలు సర్దేదాన్ని, సాయంత్రం భోజనాల బల్ల మీద జీతం లేకుండా పత్రిక తయారుచేసేదాన్ని. టైపు నాది, ప్రూఫులు నావి, అడుగున ఉండే చిన్నక్షరాల వివరణల్లో మిల్లు పేరు తప్పో ఏడాది తప్పో పట్టుకునేది నేను, చివరికి పొట్లాలు కట్టి స్టాంపులు అంటించేదీ నేనే. మా అత్తగారు ఓర్తెన్సియా పక్కగదిలోంచి, "ఆ టకటకల మధ్య నా కొడుకు కళ్ళెలా మూస్తాడే తల్లీ, వాడికసలే బుర్రపని!" అని వాపోయేది. టైపు కొడుతున్నది వాడి బుర్రపనే అని ఆమెకి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అయినా ఒట్టు, ఆ రోజులంటే నాకెంత ఇష్టమో! చలికాలం చెరకు తోటలు కాలిస్తే తుకుమాన్ ఊరంతా మసి రాలేది. ఆరేసిన బట్టలు ఒక చేత్తో తెచ్చుకుంటూ రెండో చేత్తో టపా అందుకునేదాన్ని. వేరే ఊళ్ళ గ్రంథాలయాలకి మా పత్రిక పంపితే వాళ్ళ పత్రిక మాకు పంపేవారు. లిమా నుంచి, సాలమాంకా నుంచి, ఎక్కడెక్కడి నుంచో పొట్లాలు. ఒక్కోదానికి ఒక్కో వాసన. మోంతెవిదేయో గ్రంథాలయంలో పెర్లా అనే ఆమె ఉండేది. ఆమెని నేను ఎన్నడూ చూడలేదు. ఏటేటా వాళ్ళకి రాని సంచికల చిట్టా పంపేది. అందులో ప్రతిసారీ మొదట పద్నాలుగే. దాని పక్కన పెన్సిలుతో, "మళ్ళీ నేనే, విసుక్కోకండి," అని రాసేది. నేను విసుక్కోలేదు. ఆ అక్షరాలు చూస్తే నా తోటిపిల్ల ఎవరో కిటికీలోంచి పిలిచినట్టుండేది.

ఆమెకి పద్నాలుగో సంచిక ఎందుకు పంపలేదంటే, అది అసలు రాలేదు గనక.

ఒకసారి బ్యూనస్ ఐరిస్ నుంచి పెద్ద ప్రొఫెసర్లు మా ఇంటికి భోజనానికి వచ్చారు. మొక్కజొన్నా మాంసమూ వేసి ఉడికించిన లోక్రో వడ్డిస్తున్నాను. వాళ్ళలో ఒకాయన, "మీ పత్రికలో ఒక్క అచ్చుతప్పు ఉండదు, ఎలా సాధ్యమయ్యా?" అని అడిగాడు. ఎవరీస్తో నా నడుం మీద చెయ్యి వేసి, "అదంతా మా సుల్మా. మంచి మిషను. నూనె కూడా వెయ్యక్కర్లేదు!" అన్నాడు. బల్ల చుట్టూ అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. గరిటె పట్టుకుని, అందరికంటే గట్టిగా నవ్వాను. ఆ రాత్రంతా నా నవ్వు నాకే వినబడుతూ ఉండిపోయింది. తర్వాతి వారం గ్రంథాలయానికి జీతం లేని సెలవు పెట్టి, పాపని చంకనేసుకుని, కొండల్లో తాఫీలో ఉన్న పుట్టింటికి బస్సెక్కాను.

అమ్మ ఒక్క ప్రశ్న వెయ్యలేదు. "ఉన్నన్నాళ్ళు ఉండు. మా ఆవులకి నీ చదువుతో పనిలేదు," అంది అంతే. పొద్దున్నే మంచు, జున్ను పిండటం, మధ్యాహ్నం గోడకి చేరగిలబడి ఎండ కాగటం. నా కోసం నేను చదువుకున్నది ఆ నెలల్లోనే. ఎవరి అచ్చుతప్పులూ దిద్దకుండా ఉత్తినే చదవటం ఎంత హాయో! ఇప్పటికీ జున్ను విరిచిన వాసన వస్తే నాకు ఇరవై ఎనిమిదేళ్ళు వస్తాయి.

వసంతం దాటాక ఎవరీస్తో వచ్చాడు, చేతిలో పెద్ద సూట్‌కేసుతో. గుమ్మంలో అతన్ని చూసి నా గుండె ఝల్లుమంది. నాతోపాటు ఉండటానికి వచ్చాడనుకున్నాను, పిచ్చిదాన్ని. పెట్టె తెరిస్తే అందులో ప్రూఫులు. "పద్నాలుగు పోతే పోయింది. దాని తేదీ దాటిపోయింది, అట్టలు రెండింటికీ ఒకేసారి అచ్చయి ఉన్నాయి కాబట్టి ఇది పదిహేనుగా తెచ్చేద్దాం. రెండు నిమిషాలు చూడు," అన్నాడు. పాప నాన్నా అంటూ అతని మెడకి వేలాడింది. నేను మొదటి పేజీ చూశాను, మూడు తప్పులు. నా చెయ్యి ఊరుకోలేదు, పెన్సిలు వెతుక్కుంది. అలా తిరిగొచ్చేశాను. పద్నాలుగో నంబరు అచ్చేసిన అట్టల్ని అప్పటికే మా అత్తగారు వంటింటి అరల్లో పరిచేసింది. ఏళ్ళ తరబడి వాటి మీద ఉప్పు డబ్బా, పంచదార డబ్బా కూర్చున్నాయి.

సంచిక ఏదని గ్రంథాలయాలు అడగటం మొదలెట్టాయి. "ఏం రాయమంటావు?" అన్నాను. "కాగితం దొరకలేదని రాయి," అన్నాడు. రాశాను. పెర్లాకి కూడా అదే రాశాను.

ఇప్పుడు చొక్కాని కుర్చీకి తగిలించి, ఇస్త్రీపెట్టె తీగ పీకి, అతని వైపు తిరిగాను.

"ముసలాయనా, పద్నాలుగు ఎందుకు రాలేదో గుర్తుందా నీకు?"

"కాగితం దొరకలేదుగా!" అన్నాడు వెంటనే. "ఏం రోజులవి! ప్రెస్సు యజమాని ఫోర్తునాతో నా ఎదురుగా కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, పాపం. ప్రొఫెసర్‌గారూ, ఒక్క బండిల్ కూడా లేదు అని."

దాస్తున్నాడేమోనని అతని మొహంలోకి చూశాను. లేదు. నిజంగానే అలా గుర్తుంది. ఆ ఫోర్తునాతో పెట్టుకున్న కన్నీళ్ళు కూడా గుర్తున్నాయి. నేను టైపు కొట్టిన అబద్ధం అతనికి జ్ఞాపకమై కూర్చుంది. దానిలో తాఫీ లేదు, సూట్‌కేసు లేదు, నేను లేను. అతను దుర్మార్గుడైతే నాకు తేలికగా ఉండేది. కాదు, పొద్దున్నే నాకు మాతే కలిపి ఇచ్చే మనిషే. నాకు కోపం రాలేదు, భయం వేసింది. నెలాఖరుకి నేను ఆ కుర్చీలోంచి లేస్తాను. ఆ గీత గీసేస్తే, నా బతుకులో నేను పని మానేసిన ఆ ఒక్క కాలం కూడా పదమూడుకి తోకైపోతుంది. ఇక ఎవరు అడుగుతారు, ఎవరు చెబుతారు?

"ఏమిటలా చూస్తున్నావు? గీత గీస్తావా లేదా?"

"చూస్తాలే," అన్నాను.

మర్నాడు గ్రంథాలయంలో హిమేనా నాకోసమే ఎదురుచూస్తోంది. స్కానింగు గదిలో నా కింద పనిచేసే పిల్ల, చురుకైనది, నోరూ చురుకే. తెరమీద వరసగా సంచికల అట్టలు, మధ్యలో ఒక్క బూడిదరంగు చదరం.

"సుల్మా, ఇది నా ప్రాణం తీస్తోంది. సంచిక లేకపోతే కారణం రాయమంటోంది ఈ కంప్యూటరు. రాయకపోతే ముందుకి పోనివ్వదు. డైరెక్టరుగారేమో జంట సంచిక చేసెయ్, ప్రొఫెసర్‌గారు చెప్పారు అంటున్నారు. చేసెయ్యనా?"

"పక్కకి జరుగు, నేను కొడతాను," అన్నాను.

గురువారం అతను ముందువరసలో కూర్చుని ఇది చూస్తాడు. చూడనీ. మిల్లుల చరిత్ర ఏళ్ళకేళ్ళు టైపు కొట్టిన చెయ్యి ఇది, ఒక్క వాక్యం తనది కొట్టుకోలేదా?

"పద్నాలుగో సంచిక వెలువడలేదు. కారణం: ఆ కాలమంతా సంపాదకుడి భార్య పుట్టింట్లో ఉంది."

హిమేనా చదివింది. ఫక్కున నవ్వబోయి ఆగిపోయింది. అటూ ఇటూ ఉన్న అట్టలన్నిటినీ మెల్లగా చూసుకుంటూ పోయింది.

"అంటే, సుల్మా... మరి మిగతావన్నీ?"

"చదివేవాళ్ళకి లెక్క తెలుస్తుందిలే," అన్నాను. "నొక్కమ్మా."