నాలుగో తరగతిలో కురిసిన వాన

సయీదా సిరోంచ పొలిమేరలోని ఆ ప్రాథమిక పాఠశాలకు టీచరుగా వచ్చి మూడేళ్లయింది. సరిహద్దుకు అవతలి ఊరు కాబట్టి పుస్తకం మరాఠీలో ఉంటుంది. పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, ఆమె ఇంట్లో ఉర్దూ. మూడూ కలిపి, చేతులతో సైగలు చేసి, ఎలాగో పాఠాలు నెట్టుకొస్తోంది. ఆ మార్చి మధ్యాహ్నం మాత్రం మొదటి మాట దగ్గరే పాఠం ఆగిపోయింది.

“వర్షావన్” అని నల్లబల్ల మీద రాసింది.

“రెండూ వానే గదా మేడం!” అంటూ సరిత లేచి నిలబడింది. “వర్షమన్నా వానే, వానన్నా వానే. రెండుసార్లు ఎందుకు రాసిన్రు?”

తరగతంతా గొల్లుమంది. సయీదాకీ నవ్వాగలేదు. వన్ అంటే అడవి అనీ, ఏడాది పొడుగునా వానలు కురిసే అడవి అనీ చెప్పింది. అక్కడి చెట్లు ఎప్పుడూ పచ్చగానే ఉంటాయనీ, ఆకులన్నీ ఒక్కసారే రాలవనీ చెప్పేసరికి పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. వాళ్లెరిగిన అడవిలో ఈ నెలకి టేకు చెట్లన్నీ మోడులైపోయాయి, కాలు పెడితే ఎండుటాకులు కరకరమంటాయి.

“మరి బీడీలకు తునికాకు ఎప్పుడు తెంపుతరు?” అన్నాడు షహబాజ్.

“అక్కడ తునికి చెట్లు ఉండయ్ రా.”

“మీరు చూసిన్రా మేడం?”

సయీదా సుద్దముక్క బల్ల మీద పెట్టింది. “లేదు. నేను గూడ చూడలే. ఫోన్ల బొమ్మలు చూసిన, గంతే.”

ఆ మాట అన్నాక పుస్తకం మూసేయాలనిపించింది. మూసేసింది.

“చూడకపోతేంది? ఇక్కడ్నే చేసుకుందాం. లేవున్రి!”

బెంచీలు గోడల వైపు జరిగాయి. కొందరు నేల మీద కూర్చుని నీడలో బతికే మొక్కలయ్యారు. కొందరు వాళ్ల వెనక నిలబడి చిన్న చెట్లయ్యారు. మిగతావాళ్లు బెంచీలెక్కి, చేతులు చాచి, ఒకరి వేళ్లలో ఒకరు వేళ్లు జొనిపి కప్పులా అల్లుకున్నారు. సరితకు నేల మీద చోటు దొరికింది. తలెత్తి చూసి, “మేడం, కిందికి ఎలుతురే వస్తలేదు!” అని అరిచింది.

“గదే! గందుకే కింది మొక్కలు ఆకులు ఎడల్పుగ పరుచుకుంటయ్. ఉన్న జర ఎలుతురన్నా పట్టుకుందామని.”

సరిత వెంటనే రెండు అరచేతులూ వెడల్పుగా చాపింది. పుస్తకంలో ఆ వాక్యాన్ని ఆ పిల్ల చేత నాలుగుసార్లు చదివించినా ఎక్కేది కాదు.

ఇక వాన కావాలి. ముందు అందరూ అరచేతులు రుద్దారు. సన్నగా గాలి వీచినట్టయింది. తర్వాత చిటికెలు, ఆ తర్వాత తొడల మీద చరుపులు. షహబాజ్ పరుగెత్తి మధ్యాహ్నం భోజనాల పళ్లాలు తెచ్చి పంచాడు. ముప్పై మంది వేళ్లు పళ్లాల మీద ఆడేసరికి గదిలో కుండపోత మొదలైంది. సయీదా చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

బడి గోడకు అవతల ముత్తక్క ఇల్లు. వాకిట్లో ఎర్రగా మిర్చి ఆరబోసి, లోపల చాప మీద కునుకు తీస్తోంది ఆమె. వాన చప్పుడు చెవిన పడగానే కొంగు నెత్తికి కప్పుకొని ఒక్క ఉదుటున బయటికొచ్చింది.

“ఓ రాజలింగూ! వాన కొడుకా, వాన! మిర్చి తడుస్తున్నది!”

కొడుకు పొలం నుంచి ఇంకా రాలేదు. ఆమె ఒక్కతే మిర్చిని కుప్ప చేసి, తాడిపత్రి పట్టా లాగి కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. అప్పుడు చెయ్యి చాపి చూసుకుంది. చుక్క లేదు. ఆకాశం వైపు చూసింది. ఎండ ఫెళ్లున కాస్తోంది. చప్పుడు మాత్రం ఆగలేదు. కిటికీలోంచి ఇదంతా చూస్తున్న పిల్లలు బెంచీల మీదే పడి పడి నవ్వారు.

ముత్తక్క తలుపు దగ్గరకొచ్చి నడుం మీద చెయ్యేసుకుంది. “ఏందిది పంతులమ్మా? పానం పోయింది నాకు!”

“తప్పయింది పెద్దమ్మా, పిల్లలకు వానల అడవి గురించి చెప్తున్న” అంది సయీదా నవ్వు అణచుకుంటూ.

“ఆ అడవిల రోజూ వాన పడ్తదంట అవ్వా!” అంది సరిత.

ముత్తక్క కోపం ఎటు పోయిందో గాని కళ్లు పెద్దవయ్యాయి. “రోజూనా? మరి ఆడోళ్లు మిర్చి ఎక్కడ ఎండబెడ్తరు?”

పిల్లలంతా టీచరు వైపు తిరిగారు. “నాకు తెల్వదు పెద్దమ్మా” అంది సయీదా.

“తెల్వకేముంది? పొయ్యి మీద అటక కట్టుకుంటరు. ముసురు పట్టినప్పుడు మేం ఎండబెట్టలేదా? పొగకు కమ్మగ ఎండుతది.”

పిల్లలు తలలూపారు. అది పుస్తకంలో లేని సంగతి.

కప్పిన మిర్చి మళ్లీ పరచాలి కదా, ఆ పనికి తరగతంతా గోడ దాటి వెళ్లింది. క్షణాల్లో మిర్చి వాకిలంతా పరుచుకుంది, తుమ్ములు వీధి చివరి దాకా వినిపించాయి. ముత్తక్క కుండలోని చల్లటి నీళ్లతో అందరి చేతులూ కడిగించి, వాళ్ల వెనకాలే వచ్చి తరగతి గుమ్మంలో చతికిలబడింది.

“ఇగ చెప్పు పంతులమ్మా. ఆ అడవిల ఇంకేమున్నయ్?”

పిల్లలు మళ్లీ బెంచీలెక్కి చెట్లయ్యారు, సయీదా చెప్పడం మొదలుపెట్టింది. మరాఠీ మాట ఒకటి, ఉర్దూ మాట ఒకటి దొర్లుతున్నా కథంతా తెలుగులోనే నడిచింది. చెట్టు కొమ్మల్లోనే పుట్టి నేల తొక్కకుండా బతికే కప్పల దగ్గరికొచ్చేసరికి బడి గంట మోగింది.

ఒక్కరు కూడా చెట్టు దిగలేదు.