గ్యాస్ గోలీ కాపలా

గిన్నెలు తోమి లేస్తుంటే రాజమణికి కళ్ళు బైర్లు కమ్మాయి. గోడ పట్టుకుని కాసేపు నిలబడింది. నానబెట్టిన తునికాకు ఎండిపోతోంది, చాట ముందు ఎప్పుడు కూర్చుంటావని వరండాలోంచి అత్త బాలలక్ష్మి కేకేసింది. ఎల్లారెడ్డిలో వాళ్ళ వాడకట్టు ఆడవాళ్ళంతా బీడీలు చుట్టేవాళ్ళే. ప్రతి చాటలోనూ తంబాకు పక్కన గోలీల డబ్బా ఉండాల్సిందే. ముందు గ్యాస్ గోలీ, ఆ తర్వాత నొప్పుల గోలీ. గ్యాస్ గోలీ కడుపుకు కాపలా కాస్తుందని, అది పడ్డాక నొప్పుల గోలీలు ఎన్ని మింగినా ఏం కాదని ఒకరికొకరు ధైర్యం చెప్పుకునేవారు.

మెడ పట్టేసి వేళ్ళు వంగకపోతే, డాక్టరుకు చూపించమని ఒకసారి మొగుణ్ణి అడిగింది. “పొద్దంత కూసొని చేసే పనికి నొప్పులేంది?” అన్నాడు లక్ష్మణ్. ఆ కూర్చునే పనికి ముందు వంట, వెనక బట్టలు, మధ్యలో బర్రె ఉన్నాయని ఆమె అనలేదు. అంటే మాట పెరుగుతుంది, అన్నం ఆలస్యమవుతుంది. అట్లాగని అతను చెడ్డవాడేం కాదు, గోలీలు మాత్రం మర్చిపోకుండా తెచ్చేవాడు. ఎర్ర నొప్పుల గోలీ చాలకపోతే తెల్లది కూడా తెచ్చాడు. మొదట్లో గుండెల్లో మంటగా ఉండేది. గ్యాస్ గోలీతో అదీ పోయింది. ఇంక భయం లేదనుకుని రెండు రంగులూ కలిపి మింగింది. ఈ మధ్య దొడ్డికి తారులా నల్లగా పడుతోంది. పక్కింటి మహేశ్వరికి చెబితే, తంబాకు దుమ్ము మింగుతాం కదా, గట్లనే పడతదంది. రాజమణి నమ్మింది. నమ్మితే పని ఆగదు మరి.

ఆ రోజు డబ్బాలో ఒక్క ఎర్ర గోలీయే మిగిలింది. లక్ష్మణ్ మిల్లు పని మీద బీర్కూర్ వెళ్ళాడు. తానే మెడికల్ షాపుకు నడిచి, బల్ల ఆనుకుని, మూడు రకాలూ అడిగింది. షాపు నగేశ్ ఆమె పాలిపోయిన ముఖం కేసి చూశాడు.

“ఇన్నొద్దులు ఇవన్ని నీ ఒక్కదానికేనా, చెల్లె? ఇంటోళ్ళందరికి అనుకున్న.”

ఎర్రవీ తెల్లవీ ఒకే జాతి మందు, కలిపి వేసుకోకూడదన్నాడు. గ్యాస్ గోలీ ముప్పును కొంత తగ్గిస్తుందే గానీ పోగొట్టదని, తానూ అడగాల్సిందని నసిగాడు. అప్పుడు ఆమె నల్లగా పడే సంగతి చెప్పింది. నగేశ్ తీసిన గోలీలు మళ్ళీ లోపల పెట్టేశాడు.

“అది తంబాకు కాదు. లోపట పుండయి రక్తం పోతున్నట్టుంది. నొప్పుల గోలీ ఒక్కటి గూడ ముట్టకు. ఇప్పుడే దవాఖానకు పో. ఆడ డాక్టరు కామారెడ్డికి పొమ్మన్నా ఆగకు. ఒంటిగ పోకు.”

చచ్చిపోతానేమోనని రాజమణికి మొదటిసారి అనిపించింది. దారిలోనే లక్ష్మణ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది. ఇయ్యాల కార్ఖానాలో బీడీలు అప్పజెప్పేది ఉంది కదా, అవి ఇచ్చాక రేపు చూద్దాం, అందాకా ఒక గోలీ వేసుకో అన్నాడు. కోప్పడలేదు. మామూలుగానే అన్నాడు. రక్తం కంటే ఆ మామూలు గొంతే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

ఇంటికొచ్చి ఆధార్ కార్డు తీసుకుంది. దవాఖానకు తోడు రమ్మని మహేశ్వరిని పిలిస్తే, ఒళ్ళో చాట పక్కకు తోసేసి మారుమాట లేకుండా లేచి వచ్చింది. గుమ్మంలో అత్త ఎదురొచ్చింది. ఒక చేతిలో నీళ్ళ గ్లాసు, ఇంకో చేతిలో మిగిలిన ఎర్ర గోలీ. “గిది వేస్కొని కూసో, పిల్లా. మేమేమన్న గిట్ల దవాఖాన్లకు ఉరికినమా?” ప్రేమగానే అంది.

రాజమణి గోలీ తీసుకోలేదు. మహేశ్వరి చెయ్యి పట్టుకుని గుమ్మం దాటుతూ అంది.

“మింగేది నేను, అత్తా. నిమ్మళంగ ఉండేది మీరు.”