రేడియం గదిలో ఒగ్గు గట్టయ్య

పాలకుర్తి గట్టయ్య ఒగ్గుకథ ఎత్తుకున్నాడంటే తెల్లారేసరికి ఊరంతా దొరల మీద తిరగబడే సంగంలో చేరిపోతుందని నిజాం పోలీసులకు బెంగ. అతని మీద వారెంటు తీశారు. అలా పట్టుకుపోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు. సరిగ్గా అప్పుడే గట్టయ్య నాలుక పక్కన మానని పుండు లేచింది. భార్య భూదేవి జనగామలో రైలెక్కించి పట్నం దవాఖానకు తెచ్చింది. బుచ్చయ్య అని పేరు రాయించింది.

"క్యాన్సరే," అన్నాడు డాక్టర్ చంద్రమౌళి. "రెండు తోవలున్నయి. బయటి నుంచి ఎక్స్‌రే పెడితే కోసుడు, గుచ్చుడు ఉండదు. కాని నెలన్నర రోజూ రావాలె. చెంప తోలు కమలుతది, ఉమ్మి ఎండిపోతది."

"ఉమ్మి లేకుంటే కథెట్ల జెప్పుత సారూ?" గట్టయ్య ముద్దముద్దగా అడిగాడు.

"అయితే రేడియం సూదులు. నాలుకల గుచ్చి వారం ఉంచుతం. పుండున్న కాడనే ఎక్కువ కాలుస్తది. సూది దవడ దిక్కు జరిగిందంటే దవడెముక పుచ్చుతది, ముందే జెప్తున్న. ఆ గదిలకు ఎవ్వరూ రావద్దు."

భూదేవి లెక్క వేరు. రోజూ దవాఖాన మెట్లెక్కేవాడు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతాడు.

"సూదులే గుచ్చు సారూ," అంది.

సూదులు గుచ్చిన నాలుగో నాడు పొద్దున్నే పోలీసు అమీను వచ్చాడు. గట్టయ్య ముఖం వాచిపోయింది, నోట్లోంచి సూదుల దారాలు వేలాడుతున్నాయి.

"వీడు బుచ్చయ్యనా, ఒగ్గు గట్టయ్యనా?"

"దగ్గరికి పోతే మీకూ రేడియం తగుల్తది," అన్నాడు డాక్టర్.

అమీను గడప దగ్గరే ఆగి నవ్వాడు. గడప పక్కనున్న ఇత్తడి తాంబాళం అందుకుని ఒగ్గు దరువు మొదలుపెట్టాడు. నడుమ కావాలనే ఒక దెబ్బ ఎగ్గొట్టాడు.

దుప్పటి కింద గట్టయ్య కాలి బొటనవేలు ఆ దెబ్బ వేసింది.

ముందు చూసింది భూదేవి. గడప పక్కనుంచి లేచి, నిమ్మళంగా లోపలికి నడిచి, మంచం కాళ్ల దగ్గర కూర్చుంది. రెండు చేతులతో ఆ పాదం అదిమి పట్టింది.

"అరే, డాక్టర్ పోవద్దన్నడు గదా?" అన్నాడు అమీను.

"తిమ్మిర్లెక్కినయ్ బాంచెన్, పిసుకుతున్న. నేను కాలితే కాలనియ్. నువ్వూ రా దొరా, ఇంకో కాలు వట్టుకో."

అమీను తాంబాళం మళ్లీ వాయించాడు, మళ్లీ ఎగ్గొట్టాడు. ఆమె అరచేతుల కింద వేలు కొట్టుకుంటూనే ఉంది. పైకి మాత్రం దుప్పటి కదల్లేదు. అతను తాంబాళం విసిరేసి మెట్లు దిగిపోయాడు.

సూదులు తీసిననాడు గట్టయ్య నీళ్లు పుక్కిలించాడు. మాట ఇంకా మొద్దుగానే ఉంది, కాని నోట్లో తడి ఉంది.

"ఆ అమీనుకు దరువు రాదే, భూదేవీ," అన్నాడు.