ఎడమవైపు జబ్బు

మా కొట్టు నడిచేది మా నాన్న చెవి మీద. మూలిగే ఆంప్లిఫయర్ పెట్టె ఏది రిపేరుకొచ్చినా దాని ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, లోపల ఏ భాగం పోయిందో చెప్పేస్తారు. తర్వాత మీటర్ పెట్టి చూస్తే చాలావరకు ఆయన మాటే నిజమవుతుంది. కానప్పుడు మీటరే తప్పంటారు.

నాది ఆయన ఎడమపక్క బల్ల. పనంతా వచ్చినా, టంకం వేసిన ప్రతి అతుకూ ఆయనకు చూపించాల్సిందే. ఆ మధ్య ధైర్యం కూడగట్టుకుని, పనిలోంచి తల ఎత్తకుండానే అడిగాను.

"నాన్నా, ఇకమీదట సగం పెట్టెలు నేనే చూసుకోనా? మీరు మళ్లీ చూడక్కర్లేదు."

ఉలుకూ పలుకూ లేదు. ఇంకోసారి అడిగాను. అదే వరస. ఇష్టం లేకపోతే వద్దనొచ్చు కదా, ఈ మూగనోమెందుకు? నాకు ఒళ్లు మండి, ముక్తసరిగా మాట్లాడటం మొదలుపెట్టాను. ఆయన అది గమనించినట్టే లేదు. దాంతో ఇంకా మండింది.

ఈలోగా కొట్టుకు వచ్చిన ప్రతి పెట్టెకూ ఎడమవైపే జబ్బు పట్టుకుంది. "ఎడమ స్పీకర్ నీరసంగా మోగుతోంది" అంటారు నాన్న. కరెంటు పారే కాంటాక్టుల మీద మురికి తుడిచారు, కెపాసిటర్లు మార్చారు, ట్రాన్సిస్టర్లు మార్చారు. పాట పెడితే మళ్లీ అదే మాట. నిక్షేపంలాంటి భాగాలన్నీ పీకి డబ్బాలో పోశారు.

"నాకు రెండూ సమానంగానే వినపడుతున్నాయి" అన్నాను గట్టిగా.

"నీ చెవికి ఇంకా పదును రావాలిలే" అన్నారు.

చివరికి ఒక పాత పెట్టెలోని వాల్యూమ్ కంట్రోల్ మీద పడ్డారు. అలాంటిది ఇప్పుడు వెతికినా దొరకదు. ఇక ఊరుకోలేక, ఆయన నేర్పిన పాఠమే ఆయనకు అప్పజెప్పాను. స్పీకర్లకు వెళ్లే వైర్లు అటుది ఇటు మార్చాను. జబ్బు పెట్టెలో ఉంటే వైరు వెంట కుడివైపుకు పోవాలి.

"ఇప్పుడు?"

"ఎడమే."

అయితే పెట్టె మంచిదే. ఈసారి స్పీకర్లనే అటూ ఇటూ మార్చాను.

"ఇప్పుడో?"

"ఎడమే! ఇదేం దయ్యమే?"

పెట్టె కాదు, స్పీకరూ కాదు. ఇక మిగిలింది ఒక్కటే. ఆయన కూర్చున్న తిరిగే కుర్చీ పట్టుకుని, గిర్రున తిప్పి, ముఖం గోడకు పెట్టాను.

"ఇప్పుడు చెప్పండి."

"ఇప్పుడు ఆ రెండోది..." అంటూ వేలు చూపించబోయి ఆగిపోయారు. వేలు గాల్లోనే ఉండిపోయింది. ముఖం కనపడకపోయినా, బిగుసుకున్న భుజాలు చూస్తే భయపడ్డారని తెలిసింది. చెవే లేకపోతే ఈ కొట్టులో తానెందుకు అనుకునే మనిషి. నా కోపం ఎటు పోయిందో తెలియదు. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యి వేశాను.

"ఎవరికీ చెప్పకు" అన్నారు మెల్లగా.

మర్నాడు చెవి డాక్టరమ్మ లైటు వేసి లోపలికి చూసి నవ్వింది. "గులిమండీ! గట్టిపడి దారి మూసేసింది" అని గోరువెచ్చటి నీళ్లు కొట్టి బయటికి తీసింది. నాన్న పళ్లెంలోకి తొంగి చూసి తల పట్టుకున్నారు.

"ఏదైనా విప్పే ముందు కాంటాక్టులు తుడవండిరా అని అందరికీ చెప్తాను నేను!"

డాక్టరమ్మకు ఏమీ అర్థం కాలేదు. నేను మాత్రం నవ్వు ఆపుకోలేక బయటికి పరుగెత్తాను.

కొట్టుకొచ్చి ఎవరి బల్ల దగ్గర వాళ్లం కూర్చున్నాం. ఎప్పటిలాగే తల ఎత్తకుండా, మెల్లగా అడిగాను.

"నాన్నా, ఇకమీదట సగం పెట్టెలు నేనే చూసుకోనా?"

"చూసుకో" అన్నారు వెంటనే, స్క్రూ తిప్పుతూనే. "ఈ మాట అడగడానికి ఇన్నాళ్లు పట్టిందేమే నీకు? ఎప్పుడడుగుతావా అని నేనూ ఎదురుచూస్తున్నా."

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆ పూట నేను వేసిన అతుకులు ఆయన చూడలేదు. నేనే ఒకటికి రెండుసార్లు చూసుకున్నాను.