సీజు మామయ్య

మా ఇంట్లో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. మా మేనకోడలు చిన్నప్పటి నుంచీ నన్ను 'సీజు మామయ్య' అంటుంది. దానికి పెళ్ళయింది, ఒక పిల్ల పుట్టింది, ఆ పిల్లకు మాటలొచ్చాక నేర్చిన మొదటి నాలుగు మాటల్లో 'సీజు తాత' ఒకటి. ఈ బిరుదు ప్రదానం చేసింది మా బావ. ఇరవయ్యారేళ్ళ కిందట ఆయన మోటార్ సైకిల్ నా చేతిలో సీజైంది. అంటే, పరుగెత్తుతున్న బండి లోపల పిస్టన్ పట్టేసి, ఉన్నచోటే బిగుసుకుపోయింది. నేనా పేరుకు ఒక్కసారి కూడా పలకలేదు. పిలిచినవాళ్ళు నా ఎదురుగా వచ్చి నిలబడాల్సిందే.

బావ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆ రోజు నాకు ఊరి అవతలి కళ్ళద్దాల కంపెనీలో ఇంటర్వ్యూ. బండి అడిగితే ఇచ్చాడు. పదకొండో కిలోమీటరులో అది కీచుమని ఆగింది. కొత్త చొక్కా తొడుక్కుని, ఎర్రటి ఎండలో దాన్ని పదకొండు కిలోమీటర్లు వెనక్కి తోసుకొచ్చాను. ఉద్యోగం పోయింది. గేటు దగ్గరే విచారణ మొదలైంది.

"నూనె చూసుకోకుండా తోలావు."

"చూశాను బావా. నిండుగా ఉంది."

"నిన్ననే నా చేత్తో ఇంజన్ విప్పాను, నా చేత్తో బిగించాను. తప్పు నా బిగింపులో ఉంటుందా, నీ తోలడంలో ఉంటుందా?"

లెక్కల మాస్టారు కదా, రెండు జవాబులిచ్చి ఒకటి ఆయనే కొట్టేశాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. పట్టించినవాడే బాగుచేయించాలని ఆయన, నేను పట్టించలేదు కాబట్టి నాకేం పనని నేను. అలా ఆ బండి వాళ్ళింటి పక్కగదిలో పాత దుప్పటి కప్పుకుని ఇరవయ్యారేళ్ళు పడుకుంది. అక్కడితో ఆగిందా? ప్రతి ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళగానే, "రారా సీజూ! కుర్చీ జాగ్రత్త, నువ్వు కూర్చుంటే అదీ పట్టేస్తుందేమో" అనేవాడు. నేను మొహం గంటు పెట్టుకునేవాణ్ణి. ఆ తర్వాత ఇద్దరం చదరంగం బల్ల ముందు కూర్చునేవాళ్ళం. మళ్ళీ ఆదివారం మళ్ళీ అదే.

ఈ ఏడాది బావ రిటైరయ్యాడు. ఆయన ఇంట్లో ఉంటే ఆ బండి కూడా ఎక్కువైందో ఏమో, అక్క ఒక రోజు మా ఇద్దరినీ గుమ్మంలో నిలబెట్టింది.

"ఒకటో తారీకుకల్లా అది నడవాలి, లేదా పాత ఇనప సామాన్లవాడి బండెక్కాలి. మీలో ఎవరి మీసం పైనుంటుందో నాకనవసరం. నా కుట్టుమిషన్‌కి ఆ గది కిటికీ వెలుతురు కావాలి."

"మీసాలెక్కడున్నాయే మాకు?" అన్నాడు బావ.

"అందుకే చెప్తున్నా" అంది అక్క.

మెకానిక్ బావ పాత శిష్యుడు. నలభై అయిదేళ్ళవాడు, సొంత షెడ్డు ఉన్నవాడు. అయినా మాస్టారు గదిలోకి వస్తే చేతిలో పానా కింద పెట్టి లేచి నిలబడతాడు. మొదటి రోజు దుప్పటి తీయగానే తుమ్ములు తప్ప మరేం రాలేదు. ఎయిర్ ఫిల్టర్‌లో ఎలుకలు సంసారం చేసి, పిల్లల్ని పెంచి, ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. పెట్రోలు ఎండి కార్బురేటర్ లోపల గోధుమరంగు జిగురులా అంటుకుంది. కిక్కు రాడ్ మీద మెకానిక్ నిలబడ్డా అది కదల్లేదు.

"బలవంతం చేస్తే విరుగుతుంది సార్" అని, స్పార్క్ ప్లగ్ తీసి ఆ బెజ్జంలోంచి డీజిలూ నూనే కలిపి పోశాడు. "రోజుకు రెండు చెంచాలు పోస్తూ ఉండండి. నానాలి."

తొమ్మిది రోజులు నానబెట్టాం. పొద్దున బావ పోస్తాడు, సాయంత్రం దుకాణం కట్టేసి వెళ్ళి నేను పోస్తాను. నాకు కళ్ళజోళ్ళ దుకాణం ఉంది. ఆవగింజంత మరలు బిగించి బతికేవాణ్ణి పట్టుకుని యంత్రం పట్టే చేతులు కావంటాడు బావ. పదో రోజు మెకానిక్ ఇంజన్ పై భాగం విప్పి, చెక్కముక్క ఆనించి సుత్తితో మెల్లగా తడితే, పిస్టన్ వెంట్రుకవాసి కిందికి దిగింది. ఆ తర్వాత సిలిండర్‌ను రెండు చేతులా ఎత్తి పక్కన పెట్టాడు. కింద సిలిండర్ కూర్చునే చోట పరిచిన అట్టను బ్లేడుతో ఊడదీశాడు. ఆ అట్టను వెలుతురుకు పట్టి చూశాడు. నన్ను చూశాడు. గుమ్మం వైపు చూశాడు. బావ స్నానానికి వెళ్ళాడని రూఢి చేసుకుని గొంతు తగ్గించాడు.

"సార్, ఈ గాస్కెట్ ఎవరు కోశారు?"

"మీ మాస్టారే. ముందురోజు స్వయంగా."

"ఇక్కడ కందిగింజంత బెజ్జం ఉండాలి. నూనె కిందినుంచి పైకి ఎక్కే దారి అదే. బోల్టు బెజ్జాలన్నీ బ్రహ్మాండంగా కొట్టారు. దీన్ని మర్చిపోయారు." ఆ అట్టను నా చేతిలో పెట్టాడు. "మీరే చెప్పండి సార్. నాకు పిల్లలున్నారు."

అది నూనెకు నాని ముదురు గోధుమరంగుకు తిరిగిన ప్రోగ్రెస్ కార్డు ముక్క. ఎవరో పిల్లవాడికి కొత్త కార్డు రాసి, చెడిపోయిన కార్డును బావ గాస్కెట్‌గా కోసినట్టున్నాడు. పెన్సిల్ రాత చెక్కుచెదరలేదు. ఆ గుండ్రటి అక్షరాలు నేను ఎక్కడున్నా గుర్తుపడతాను. "శ్రద్ధ చాలదు."

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు గానీ, మరీ ఇరవయ్యారేళ్ళా? నాకు కాళ్ళు నేల మీద ఆనలేదు. అక్కను, పుట్టింటికి వచ్చి ఉన్న మేనకోడల్ని, పక్కింటివాళ్ళను కూడా కేకేశాను. బావ తల తుడుచుకుంటూ వచ్చేసరికి సభ నిండింది. గాస్కెట్ ఆయన చేతిలో పెట్టి, మెకానిక్ చెప్పిందంతా చెప్పాను. మెకానిక్ బండి వెనక్కి వంగి, లేని మర ఏదో వెతికాడు.

బావ కళ్ళజోడు పెట్టుకున్నాడు. దాన్ని చేసిచ్చింది నేనే, అక్షరం తప్పిపోయే ప్రసక్తి లేదు. చదివాడు. బొటనవేలితో ఆ బెజ్జం లేని చోటును తడిమాడు.

"నా రాతే" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "తప్పు నాది. మీ ఉద్యోగం కూడా నావల్లే పోయింది. మీరు నన్ను క్షమించాలి."

మీరు! నేను వెనక్కి తిరిగి చూశాను, ఎవరన్నా పెద్దమనిషి వచ్చాడేమోనని.

ఆ ఆదివారం వెళ్తే, "రండి, కూర్చోండి" అన్నాడు. కుర్చీ ఆయనే జరిపాడు. చదరంగంలో తన మంత్రిని నా గుర్రానికి అందేలా తోసి, నేను కొడితే, "బాగా ఆడారు" అన్నాడు. మేనకోడలు 'సీజు' అని నోరు తెరవబోతే కళ్ళతోనే ఆపాడు. ఇరవయ్యారేళ్ళుగా కోరుకున్న మర్యాద దొరికింది, నోట్లో పెట్టుకుంటే ఉప్పులేని కూడులా ఉంది. దుకాణంలో కూర్చుని వారమంతా ఆలోచించాను. ఆయన నన్ను వెక్కిరించినన్నాళ్ళూ నేను ఆయనకు కావలసినవాణ్ణి. ఇప్పుడు చుట్టాన్ని. నాకు నా బావ కావాలి, ఈ మర్యాదస్థుడు వద్దు.

లేతు షాపులో సిలిండర్ సాపు చేయించి, కొత్త పిస్టన్ వేశారు. కొత్త అట్టను బావే కోశాడు. కందిగింజంత బెజ్జం అన్నిటికంటే ముందు కొట్టి, మెకానిక్‌కి రెండుసార్లు చూపించాడు. నిప్పురవ్వ పుట్టించే పాయింట్లు గీకి, కార్బురేటర్ కడిగి, ముప్పయ్యో తారీకు పొద్దున బండిని గేటు ముందుకు తెచ్చారు.

"ఆపినప్పుడల్లా పెట్రోలు కుళాయి కట్టేయండి" అని మెకానిక్ ట్యాంకు కింద ఉన్న ఇత్తడి కుళాయి చూపించాడు. "మర్చిపోయి కట్టేసిన కుళాయితోనే బయల్దేరితే, కార్బురేటర్ గిన్నెలో ఉన్న పెట్రోలు వీధి మలుపుదాకా వస్తుంది, అంతే."

పన్నెండో కిక్కుకు అది దగ్గింది. పదమూడో కిక్కుకు అందుకుంది. గేటు రేకులు అదిరాయి. అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. బావ పక్కకు జరిగి, హ్యాండిల్ నా వైపు తిప్పాడు.

"మొదట మీరే నడపాలి."

ఎక్కి కూర్చున్నాను. గేరు వేసేముందు ఎడమచేత్తో మోకాలి పక్కన తడుముకుని కుళాయి కట్టేశాను. బండి చక్కగా సాగింది. అంత హాయిగా ఉంటుందని తెలిస్తే కుళాయి కట్టేవాణ్ణి కాదేమో! వీధి మలుపులో పోస్టు డబ్బా దగ్గర అది రెండుసార్లు వెక్కి ఆగిపోయింది. దిగి, తిప్పి, తోసుకుంటూ వచ్చాను. ఈసారి పదకొండు కిలోమీటర్లు కాదు గానీ చెమట మాత్రం అంతే పట్టింది.

గేటు దగ్గర మెకానిక్ మొహం పాలిపోయింది. బావ గబగబా ఎదురొచ్చాడు, ఇంజన్ పక్కన వంగాడు, చెయ్యి నేరుగా కుళాయి మీదికి వెళ్ళింది. అక్కడే ఆగింది. ఆయన నిదానంగా తలెత్తి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూశాడు. నేను పోస్టు డబ్బా వైపు చూశాను.

ఆయన ముక్కుపుటాలు అదిరాయి. తర్వాత కుళాయి తిప్పి, మోకాళ్ళు పట్టుకుని లేచి, వీధి వీధంతా వినబడేలా అరిచాడు.

"ఏరా సీజూ! కుళాయి తిప్పకుండా తోలితే బండి నడుస్తుందట్రా? ఇరవయ్యారేళ్ళయినా అంతే! శ్రద్ధ చాలదురా నీకు!"

మేనకోడలి చంకలో పిల్ల చప్పట్లు కొట్టింది. "సీజు తాత!" అంది.

"ఆఁ" అని పలికాను.