ముందు ఐదూ బయటే

ఆలేరు యాకూబ్‌కు అనుమానం రావడానికి కారణం అక్కర్లేదు. కారణం కూడా దొరికిందా, ఇక అతన్ని పట్టడం ఎవరి తరమూ కాదు. ఎదుటి ఊరివాళ్లు చాయ్ పోస్తే ఎందుకు పోశారంటాడు, పోయకపోతే ఎందుకు పోయలేదంటాడు. బంతిలో గాలి తక్కువైతే కావాలనే తీశారంటాడు. రెఫరీ ఎదుటి జట్టు కెప్టెన్‌ని నవ్వుతూ పలకరిస్తే చాలు, ఈల ఊదకముందే ఆ రోజు ఆట పోయిందని తీర్మానించేస్తాడు. అలాంటి మనిషి చేతికి తొంభై ఐదో సంవత్సరం చివర్లో లీగ్ షెడ్యూల్ వచ్చింది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ఆరు ఊళ్లు కలిసి పెట్టుకున్న లీగ్ అది. ప్రతి జట్టూ మిగతా ఐదింటితో రెండేసి సార్లు ఆడాలి, ఒకసారి సొంత ఊళ్లో, ఒకసారి వాళ్ల ఊళ్లో. అందరికన్నా అడుగున మిగిలిన జట్టు లీగ్ నుంచి వెళ్లిపోవాలి. ఆలేరుకు వెళ్లిపోవడమంటే ఒట్టి పరువు పోవడం కాదు. రైలు కట్ట పక్కన వాళ్లు ఆడే జాగా రైస్‌మిల్లు సేటుది. "లీగ్ ఆడినన్ని దినాలు ఆడుకోన్రి. ఆట బందైతే నా వడ్లు ఆరబోసుకుంట" అని సేటు ముందే చెప్పి పెట్టాడు. కుర్రతనంలో తుమ్మచెట్లు కొట్టి, రాళ్లేరి, ఆ నేలను చదును చేసింది యాకూబే. ఇప్పుడు అతను జట్టుకు కెప్టెన్. స్టేషన్ ముందున్న తన కిరాయి సైకిళ్ల దుకాణం కన్నా ఆ జాగా మీదే అతని ప్రాణం.

షెడ్యూల్ చూడగానే యాకూబ్ సైకిల్ పంపు కింద పడేశాడు. ఆలేరుకు ముందు ఐదు మ్యాచ్‌లూ బయటే. ఐదూ వరసగా. మిగతా ఐదూ ఆ తర్వాతే ఇంట్లో.

"గిదేంది బై! ఏ జట్టుకన్న గిట్ల ఏస్తరా? ఆదివారం ఆదివారం బస్సులల్ల నిలబడి నిలబడి మన కాళ్లు ఏం గావాలె?"

గోల్‌కీపర్ సిద్దిరాములు మగ్గం మీంచి లేచి అప్పుడే వచ్చాడు. తొందరపడే మనిషి కాదు. "తర్వాత ఐదు మనింట్లనే గదనే" అన్నాడు.

"తర్వాతంటే ఎప్పుడు? మనం సచ్చినంక ఇంటికొస్తే ఎంత, రాకుంటే ఎంత? గిది ఎవలు ఏసిండ్రో ఎరుకేనా? రాజం. మన రాజమే!"

ఆ పేరు దగ్గరే అసలు మంట ఉంది. లీగ్ సెక్రటరీ వెంకటరాజం పుట్టింది ఆలేరులో, యాకూబ్ ఇంటి గోడకు ఆనుకున్న సాలోళ్ల ఇంట్లో. ఇద్దరూ ఒకే గల్లీలో బట్టల ఉండను బంతి చేసుకుని ఆడారు. తుమ్మచెట్లు కొట్టిననాడు రెండో గొడ్డలి రాజం చేతిలోనే ఉంది. రంజాన్ నెలంతా సాయంత్రం యాకూబ్ తల్లి గులాబ్‌బీ పెట్టే పళ్లెంలో రాజానికి భాగం ఉండేది, వాడూ ఆమెను అమ్మీ అనే పిలిచేవాడు. తర్వాత జట్టుకు కెప్టెన్ ఎవరన్న మాట వచ్చింది. కుర్రాళ్లు యాకూబ్ అన్నారు. అదే ఏడు రాజానికి జడ్చర్లలో ఏదో ఫ్యాక్టరీలో నౌకరీ దొరికి వెళ్లిపోయాడు. నౌకరీ కోసం వెళ్లాడని ఊరంతా అనుకుంది. యాకూబ్ ఒక్కడే అనుకోలేదు.

"దిల్‌ల పెట్టుకున్నడు. గన్నేండ్లు పెట్టుకొని గిప్పుడు తీస్తున్నడు" అన్నాడు.

మొదటి ఆట హుజూర్‌నగర్‌లో. తెల్లవారకముందే బయల్దేరి, జనగామలో ఒక బస్సు, సూర్యాపేటలో ఇంకో బస్సు మారి, మిరపకాయ బస్తాల మధ్య ఒంటికాలి మీద నిలబడి వెళ్లారు. మైదానంలో దిగేసరికి ముందు వరసలో ఆడే మెహమూద్ లాంటి చిరుత కాళ్లవాడు కూడా ముసలి ఎద్దులా కదిలాడు. మూడు గోల్స్ తిన్నారు, ఒక్కటీ కొట్టలేదు. రెండో ఆట వనపర్తిలో. అది ఇంకా దూరం. అక్కడా ఓడారు. తిరిగొస్తూ జడ్చర్ల బస్టాండులో దిగితే, ఎదురుగా చాయ్ హోటల్లో వెంకటరాజం కనిపించాడు. పక్కన జడ్చర్ల కెప్టెన్ అహ్మద్ అలీ. ఇద్దరూ నవ్వుకుంటున్నారు.

ఇంకేం కావాలి యాకూబ్‌కు!

రాజం అతన్ని చూసి నవ్వు ఆపేశాడు. చాయ్ గ్లాసు అలాగే వదిలేసి గబగబా వచ్చాడు. "యాకూబ్, జర ఓపిక పట్టు. గీ మూడు గూడ ఎట్లనన్న గడుపు. తర్వాత నీకే మంచిగైతది. పక్కకు రా, నీకొక మాట జెప్పాలె."

"మంచిగైతదా? మమ్ములను బొంద పెట్టినంక మంచిగైతదా?" అని యాకూబ్ అతని మొహం కూడా చూడకుండా బస్సెక్కాడు. దారి పొడుగునా ఆ మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. అహ్మద్ అలీని పక్కన పెట్టుకుని, నీకే మంచిగైతది అంటాడా? ఎంత పొగరు! భువనగిరి దాటేసరికి రాజం అమ్ముడుపోయాడన్నది అతనికి ఖాయమైపోయింది.

నల్లగొండలో మీటింగు పెట్టించాడు. లీగ్ అధ్యక్షుడు జానయ్య, ఆరు జట్ల కెప్టెన్లు, రాజం. యాకూబ్ కూర్చోలేదు. నిలబడే అడిగాడు.

"అందరి ముందర జెప్పు రాజం. ఏ జట్టుకు లేనిది ఆలేరుకే ముందు ఐదూ బయట ఎందుకేసినవ్?"

రాజం ఒకసారి కెప్టెన్ల మొహాలన్నీ చూశాడు. "కారణం ఉన్నది. గీడ చెప్పెటిది కాదు" అన్నాడు.

"సూసిండ్రా! నలుగుట్ల చెప్పరాని కారణమంట! పుట్టిన ఊరిని అమ్ముకున్నోనికి చెప్ప నోరెట్లొస్తది?"

రాజం మొహం ఎర్రబడి తర్వాత పాలిపోయింది. అతను మెల్లగా లేచాడు. "జానయ్య సాబ్, ఇంకెవలనన్న సెక్రటరీని పెట్టుకోన్రి" అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు. కొత్తగా ఏం కావాలని జానయ్య అడిగాడు. "మా మ్యాచ్‌లు మాకు గిప్పుడే ఇంట్ల గావాలె. వచ్చే మూడు ఆలేరుల వెట్టున్రి. మిగిలిన బయటియి ఎనుకకు జరుపున్రి" అన్నాడు యాకూబ్. ఎవరైనా కాదంటారేమోనని పిడికిలి బిగించుకుని చూశాడు. అందరికన్నా ముందు అహ్మద్ అలీయే తలూపాడు. "ఇచ్చెయ్యిన్రి సాబ్. యాకూబ్ భాయ్ ఏమడిగితే గదే ఇచ్చెయ్యిన్రి."

చాయ్ పోస్తే అనుమానించే మనిషి, పోయకపోతే అనుమానించే మనిషి, ఆ ఒక్క మాటను మాత్రం అనుమానించలేదు. గెలిచిన ఊపు అలాంటిది!

ఇంట్లో ఆడిన మూడింటిలో రెండు గెలిచారు, ఒకటి సమంగా ముగిసింది. పట్టికలో అడుగు నుంచి పైకి లేచారు. రైలు కట్ట మీద జనం ఈలలేశారు. సేటు కూడా వచ్చి ఒక ఆట చూసి వెళ్లాడు. యాకూబ్ గల్లీలో నడుస్తూ సాలోళ్ల ఇంటి ముందుకు రాగానే గొంతు పెంచేవాడు. "న్యాయంగ ఆడనిస్తే ఆలేరును ఆపెటోడెవడు?" లోపల చరఖా దగ్గర కూర్చున్న రాజం తల్లి మల్లమ్మ తలెత్తేది కాదు. గులాబ్‌బీ ఒకసారి, "ఎందుకురా గట్ల ఒర్లుతవు, ఆ తల్లి వింటాంది" అంది. వినాలనే అరుస్తున్నానన్నాడు ఆ మొండివాడు.

సంక్రాంతి సెలవు వారం పోయాక ఒక సాయంత్రం ఊరి ముసల్మానులంతా స్టేషన్ వంతెన ఎక్కారు. పడమట సన్నగా నెలవంక కనిపించింది. రంజాన్ ముబారక్ అని ఒకరినొకరు కౌగిలించుకున్నారు. యాకూబ్ కూడా మెహమూద్‌ని కౌగిలించుకున్నాడు. అప్పుడు మెహమూద్ మామూలుగా ఒక మాట అడిగాడు.

"అన్నా, తెల్లారకముందు సహరీ తినంగనే బస్సెక్కాల్నా? ఆదివారం మహబూబ్‌నగర్ గదా. తర్వాత నల్లగొండ, జడ్చర్ల. మూడూ రోజాలనే వచ్చినయి."

యాకూబ్ చేతులు అతని భుజాల మీదే ఆగిపోయాయి. పదకొండు మందిలో ఆరుగురు రోజా ఉండేవాళ్లు. కిందటేడు ఆఖరి ఆట అయ్యాకే రంజాన్ నెలవంక పొడిచింది. రంజాన్ ఏటా పదిరోజులు ముందుకు జరుగుతుందని పసిపిల్లలకు కూడా తెలుసు. షెడ్యూలంతా ఇంగ్లీషు తేదీలు. తను గోల్స్ లెక్కపెట్టాడు, బస్సులు లెక్కపెట్టాడు, రాజం నవ్వులు లెక్కపెట్టాడు. చిన్నప్పటి నుంచి ఉంటున్న ఉపవాసాన్ని మాత్రం మరిచిపోయాడు.

ఇంటికొచ్చి తల్లి దగ్గర కూలబడి ఆ మాటే చెప్పాడు. బియ్యం ఏరుతున్న గులాబ్‌బీ ఆగిపోయింది.

"అయ్యో, గందుకేనారా వాడు అడిగింది?"

"ఎవలు?"

"రాజం. లీగ్ షురూ గాకముందు వాళ్లమ్మను సూడవచ్చి, గోడ మీదికెంచి అడిగిండు. అమ్మీ, గీ ఏడు నెల ఎప్పుడు పొడుస్తది అని. ఇఫ్తార్‌కు వస్తడేమో అనుకొని సంబురపడ్డ. నేను అడిగినట్టు యాకూబ్‌కు చెప్పకు అమ్మీ, వాడు నలుగుట్ల ఒర్లుతడు, నేనే సమయం జూసి చెప్త అన్నడు."

ముందు ఐదూ బయటే. తర్వాత ఐదూ ఇంట్లో. రోజా ఉండే పిల్లలు ఇంట్లో సహరీ తిని, మధ్యాహ్నం దాకా నడుం వాల్చి, నాలుగింటికి ఆడి, ఇఫ్తార్‌కు ఇల్లు చేరేలా వేసిన షెడ్యూల్ అది. యాకూబ్ ఆ రాత్రి అన్నం ముట్టలేదు. సిగ్గుతో ఒళ్లంతా కాలిపోయింది.

మహబూబ్‌నగర్‌లో ఓడారు. నల్లగొండలోనూ ఓడారు. మధ్యలో ఇంట్లో ఆడిన రెండింటిలో ఒకటి గెలిచారంటే అది ఇంటి పుణ్యమే. జడ్చర్ల ఆట చివరిది. సమం చేసుకున్నా చాలు, లీగ్‌లో ఉంటారు. బస్సులో సిద్దిరాములు మెల్లగా అన్నాడు. "ప్రయాణంల ఉంటే రోజా ఇడిసి పెట్టొచ్చంటరు గదనే?"

"ఇడువొచ్చు. మా అమ్మ ముందర నిలవడి నువ్వు జెప్పు" అన్నాడు మెహమూద్. ఎండిన పెదవులతోనే అందరూ నవ్వారు. యాకూబ్ నవ్వలేదు.

జడ్చర్లలో మెహమూద్ మొదటి సగంలోనే గోల్ కొట్టాడు. తర్వాత సగంలో వాళ్ల కాళ్లు వాళ్ల మాట వినలేదు. అహ్మద్ అలీ జట్టులో రోజా ఉన్నవాళ్లూ ఉన్నారు, కానీ వాళ్లు ఇళ్లలోంచి నిద్ర లేచి వచ్చినవాళ్లు. ఒక గోల్ తిరిగొచ్చింది. ఇంకాసేపట్లో ఆట అయిపోతుందనగా మెహమూద్ పిక్క పట్టేసి పడిపోయాడు. అతను లేచేలోగా రెండో గోల్ పడింది. సిద్దిరాములు వల దగ్గర మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. ఈల ఊదారు.

ఆలేరు అడుగున మిగిలింది.

పొద్దు గుంకుతోంది. అందరూ మైదానం అంచున కూర్చున్నారు. అప్పుడు గేటు దగ్గర నుంచి వెంకటరాజం వచ్చాడు. ఒక చేతిలో నీళ్ల బిందె, ఇంకో చేతిలో ఖర్జూరాల పొట్లం. బిందె దింపి, ఎవరి వైపూ చూడకుండా వరసగా ఒక్కొక్కరి అరచేతిలో ఖర్జూరం పెట్టుకుంటూ వచ్చాడు. యాకూబ్ చేయి చాచాడు. రాజం అతని ఖర్జూరం మాత్రం పక్కనున్న రాతి మీద పెట్టాడు.

అజాన్ వినిపించింది. కుర్రాళ్లు తిన్నారు, నీళ్లు తాగారు. యాకూబ్ రాజం వైపు తిరిగాడు.

"ఎందుకు జెప్పకపోతివి రాజం?"

"మీటింగుల జెప్తే ఆలేరోడు ఆలేరుకే జేసుకున్నడని ఐదూళ్లు లేస్తుండె. మళ్ల మార్పిస్తుండె. నీకొక్కనికే జెప్తామని బస్టాండుల ఎంబడి ఒస్తి. నువ్వు మొకం గూడ సూడకపోతివి."

"తప్పయింది. ఇంటికి రా. అమ్మీ ఇఫ్తార్‌కు పిలుస్తాంది."

రాజం ఖాళీ బిందె ఎత్తుకున్నాడు. "సేటు జాగ ఎప్పుడు ఖాళీ జెయ్యమన్నడు?"

"రేపు."

రాజం తలూపి మైదానం వైపు ఒకసారి చూశాడు. "అమ్మీకి సలామన్నానని చెప్పు" అని గేటు వైపు నడిచాడు.

యాకూబ్ రాతి మీది ఖర్జూరం తీసి నోట్లో పెట్టుకున్నాడు. రాజం ఎందుకు రానన్నాడో అతను అనుమానించలేదు. అతనికి తెలుసు.